సెకన్ల ముల్లు లేని వాచీ

పార్వతీపురంలో త్రినాథ్ అనే కుర్ర లెక్కల లెక్చరర్ ఉండేవాడు. లెక్క ఎంత చురుగ్గా చేసేవాడో, ఆ చురుకుదనాన్ని నలుగురూ చూడాలని అంతగా తాపత్రయపడేవాడు.

అతను సోమరి కాదు. ఎవరి అండా లేకుండా చదువుకుని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే కాలేజీకి వెళ్లేముందు తన డాబా మీది రేకుల షెడ్డులో ట్యూషన్ చెప్పేవాడు. ఎంత పెద్ద గుణకారమైనా కాగితం ముట్టకుండా నోటితో చెప్పేసేవాడు. చెప్పాక మాత్రం ఒక్క క్షణం ఆగి చుట్టూ చూసేవాడు. ఎవరైనా "అబ్బ!" అంటే గాని అతనికి ఆ లెక్క పూర్తయినట్టు ఉండేది కాదు.

అలాంటివాడు విశాఖపట్నం వెళ్లి ఒక వాచీ కొన్నాడు.

అది పేరున్న విదేశీ కంపెనీ వాచీ. ఆ కంపెనీ చేసేవాటిలో అన్నింటికంటే చవక రకమే. అయినా త్రినాథ్ కాలేజీలో అలాంటిది కట్టుకున్న చెయ్యి మరొకటి లేదు. దాని డయల్ చూస్తే కళ్లు చెదిరేవి. ఒక్కో గంట స్థానంలో ఒక్కో రంగు ముక్క పొదిగారు. నెమలికంఠం నీలం పక్కన మామిడి చిగురు రంగు, దాని పక్కన కనకాంబరం రంగు, ఆ పక్కన పండిన జామకాయ లోపలి గులాబి. అంకెలు లేవు. గంటల ముల్లు, నిమిషాల ముల్లు తప్ప సెకన్ల ముల్లు కూడా లేదు.

"సెకన్ల ముల్లు తిరుగుతూ ఉంటే రంగుల మీద చూపు నిలవదని తయారుచేసినవాళ్లే తీసేశారండి," అన్నాడు షోరూమ్‌లో సేల్స్‌మన్.

"మంచి పని చేశారు," అన్నాడు త్రినాథ్, చెయ్యి అటూ ఇటూ తిప్పి అద్దంలో చూసుకుంటూ.

"ఒక్క మాట సార్. దీనికి బ్యాటరీ ఉండదు. మీ చెయ్యి కదిలితేనే లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది. రోజూ పెట్టుకోండి. పెట్టెలో దాస్తే ఆగిపోతుంది. ఆగిందాన్ని మళ్లీ పెట్టుకునేటప్పుడు ఈ మర తిప్పి బాగా కీ ఇవ్వండి. లేకపోతే కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది."

"సరే, సరే," అన్నాడు త్రినాథ్. అతని చూపు అద్దంలోనే ఉంది.

వాచీ వచ్చాక అతను దాన్ని రోజూ పెట్టుకోలేదు. బోర్డు మీద రాస్తే సుద్దపొడి పడుతుందని క్లాసుకు తీసుకెళ్లేవాడు కాదు. బండి మీద వెళ్తే దుమ్ము పడుతుందని దారిలో పెట్టుకునేవాడు కాదు. మఖమల్ పెట్టెలో దాచి, పెళ్లిళ్లకీ మీటింగులకీ బయటికి తీసేవాడు. ఎవరైనా టైమెంతయిందని అడిగితే నోటితో చెప్పకుండా చెయ్యి చాపేవాడు. అడిగినవాళ్లు "ఎక్కడ కొన్నారు? ఈ రంగు ఏం రంగు?" అంటూ మాటల్లో పడేవారు.

కాలేజీలో జోగారావు అనే కెమిస్ట్రీ లెక్చరర్ ఉండేవాడు. వయసులో పెద్దవాడు, మాటలో వెటకారం ఎక్కువ. ఒక రిటైర్‌మెంట్ సభలో ఆయన త్రినాథ్ చెయ్యి పట్టుకుని కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏవయ్యా త్రినాథూ, ఇది వాచీయా, గాజుల కొట్టా?"

"మీకు తెలీదు మాస్టారూ. దీని డయల్ చేత్తో పొదుగుతారు. లోకంలో ఇలాంటివి చాలా తక్కువ."

"లోకం సంగతి సరే. నా బస్సుకి టైమయిందా లేదా, అది చెప్పు ముందు."

త్రినాథ్ మళ్లీ వాచీ వైపు చూడవలసి వచ్చింది. అప్పటిదాకా దాన్ని చాలాసార్లు చూశాడు. టైము మాత్రం చూడలేదు. జోగారావు పకపకా నవ్వి బస్టాండుకి పరుగెత్తాడు.

వేసవి మొదట్లో ఆ ఊళ్లో ఒక పరీక్ష జరిగింది. శివరామయ్య స్మారక ట్రస్టు అనే సంస్థ పదో తరగతి పూర్తయిన పిల్లలకు లెక్కల్లో మూడు గంటల పరీక్ష పెట్టి, నెగ్గిన కొద్దిమందికి రెండేళ్ల ఇంటర్మీడియెట్ చదువు, హాస్టలు, పుస్తకాలు అన్నీ తానే చూసుకునేది. చుట్టుపక్కల కొండల మీది ఊళ్ల నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. వాళ్లలో చాలామందికి ఆ పరీక్ష తప్ప పైచదువుకి వేరే దారి లేదు.

ట్రస్టువాళ్ల నియమాలు గట్టిగా ఉండేవి. పిల్లలు ఫోన్లూ వాచీలూ గేటు దగ్గర బుట్టలో వేసి లోపలికి రావాలి. ఇన్విజిలేటర్ల ఫోన్లు కూడా ఆఫీసు గదిలోనే ఉండిపోవాలి. మధ్యమధ్య గంటలు కొడితే పిల్లలు బెదురుతారని మొదట ఒకసారి, చివర ఒకసారి మాత్రమే గంట కొట్టించేవారు. మధ్యలో ప్రతి అరగంటకీ ఇన్విజిలేటరు తన వాచీ చూసి, ఇంకా ఎంత సమయం మిగిలిందో బోర్డు మీద రాయాలి. గదిలో ఉన్న పిల్లలందరికీ ఆ ఒక్క చెయ్యే గడియారం.

త్రినాథ్‌కీ జోగారావుకీ ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది. ట్రస్టు పెద్దలు వస్తారని తెలిసి త్రినాథ్ వాచీ పెట్టెతో సహా బ్యాగులో పెట్టుకున్నాడు. చాలా రోజులుగా అది పెట్టెలోనే ఉంది. గేటు దాటాక బయటికి తీసి, నాలుగుసార్లు ఊపి, చేతికి పెట్టుకున్నాడు. ఆఫీసు గదిలో గడియారం చూసి ముళ్లు సరిచేసుకున్నాడు. అంతవరకు బాగానే చేశాడు. కీ ఇవ్వడం మాత్రం మరిచిపోయాడు.

పరీక్ష సూపరింటెండెంటు కామేశ్వరి మేడమ్ అందరికీ ప్రశ్నపత్రాల కట్టలు పంచుతూ, "సమయం జాగ్రత్తండీ. పిల్లలకి మీరే దిక్కు," అంది.

"లెక్కల మాస్టార్ని, నాకు చెప్పాలా మేడమ్?" అన్నాడు త్రినాథ్. జోగారావు పక్కనుంచి, "మాకున్నవి ఉత్త వాచీలే. అతనికి రంగుల పంచాంగమే ఉంది మేడమ్," అన్నాడు. అందరూ నవ్వారు. త్రినాథ్ కూడా నవ్వి, చొక్కా చేతిని కొంచెం పైకి మడిచాడు.

అతని గదిలో కిటికీ పక్క మొదటి బెంచీలో బిడ్డిక నీలవేణి అనే అమ్మాయి కూర్చుంది. కొండ మీది ఊరు. తండ్రి జీడితోటలో కావలి ఉండేవాడు. ఊళ్లో పదో తరగతి దాటిన ఆడపిల్ల అంతవరకు లేదు. పరీక్ష పోతే జీడిపిక్కలు కొట్టే పనిలో చేరాలని ఇంట్లో ముందే అనుకున్నారు. హాల్ టికెట్ మీద సంతకం పెడుతూ త్రినాథ్ అడిగాడు:

"ఎక్కడినుంచి వచ్చావమ్మా?"

"మా ఊరు పేరు చెప్పినా మీకు తెల్దు సార్. బస్సు దిగి శానా నడవాలి."

"లెక్కలంటే భయమా?"

"లెక్కలకి భయం లేదు సార్. టైముకే భయం. నాను నెమ్మదిగా రాస్తాను."

త్రినాథ్‌కి ఉత్సాహం వచ్చింది. ఎవరైనా చిక్కు చెబితే దాన్ని అక్కడికక్కడే విప్పి చూపించడం అతనికి ఇష్టం. గంట కొట్టబోయే ముందు గదంతటికీ వినిపించేలా అన్నాడు:

"పిల్లలూ, కంగారు పడొద్దు. చిన్న లెక్కలు ముందు నిదానంగా, తప్పులేకుండా చేసుకోండి. పెద్ద లెక్కలకే మార్కులెక్కువ. వాటిని చివరి గంటకి ఉంచుకోండి. గంటలో అవి హాయిగా అయిపోతాయి, నేను లెక్కవేసే చెబుతున్నాను. టైము సంగతి నాకు వదిలేయండి. బోర్డు చూసుకుంటూ రాయండి."

నీలవేణి తల ఊపింది. ఆమె ముఖంలో బెరుకు పోయింది.

గంట మోగింది. గదిలో కాగితాల చప్పుడు తప్ప మరేమీ లేదు. మొదటి అరగంటకి త్రినాథ్ బోర్డు మీద రాశాడు. రెండో అరగంటకీ రాశాడు. తర్వాత జవాబు పత్రాల మీద సంతకాలు పెట్టడానికి కూర్చున్నాడు. సిరా అంటుతుందేమోనని వాచీ విప్పి, బల్ల మీద డస్టరుకి ఆనించి నిలబెట్టాడు. డయల్ పిల్లల వైపు తిరిగి ఉంది. కిటికీ ఎండ దాని మీద పడి గోడ మీద చిన్న చిన్న రంగుల మచ్చలు వేసింది. వెనుక బెంచీలో ఒక అబ్బాయి తలెత్తి అటే చూశాడు. త్రినాథ్‌కి గర్వంగా అనిపించింది.

సంతకాలు అయ్యాక కూడా అతను లేవలేదు. వచ్చే ఏడాది ట్యూషన్‌ని ఎన్ని బ్యాచీలు చేయాలో, ఒక్కో బ్యాచీలో ఎంతమందిని కూర్చోబెట్టవచ్చో మనసులోనే గుణించుకుంటూ కూర్చున్నాడు. లెక్కలో పడితే అతనికి లోకం పట్టదు. మధ్యలో ఒకసారి వాచీ చూశాడు. ఇంకా సమయం ఉన్నట్టే కనిపించింది. మరికాసేపటికి మళ్లీ చూశాడు. అప్పుడూ అలాగే కనిపించింది.

వాచీ ఆగిపోయింది. సెకన్ల ముల్లు ఉంటే అది కదలడం లేదని ఎవరికైనా తెలిసేది. అక్కడ రంగులే ఉన్నాయి. రంగులు నడిచే వాచీలో ఎలా ఉంటాయో, ఆగిన వాచీలోనూ అలాగే ఉంటాయి.

కొంతసేపటికి త్రినాథ్ వాచీ తీసి చేతికి పెట్టుకుని, చేతులు ఊపుకుంటూ బెంచీల మధ్య తిరిగాడు. ఆ కదలికకి స్ప్రింగు చుట్టుకుని వాచీ మళ్లీ నడిచింది. ఆగిన చోటినుంచే నడిచింది. మధ్యలో పోయిన అరగంట దానికి తెలియదు. త్రినాథ్‌కీ తెలియదు. అతను బోర్డు దగ్గరికి వెళ్లి "ఇంకా గంటన్నర" అని అందంగా రాశాడు. తర్వాత "ఇంకా ఒక గంట" అని రాశాడు.

నీలవేణి బోర్డు చూసింది. అప్పటికి చిన్న లెక్కలన్నీ అయిపోయాయి. ఇంకా గంట ఉంది కదా అని ఆమె వాటిని మొదటినుంచి నెమ్మదిగా మరోసారి సరిచూసుకుంది. ఒకచోట గుర్తు తప్పు పడితే దిద్దుకుంది. మెటికలు విరుచుకుని, కొత్త పేజీ తిప్పి, అంచున గీత కొట్టి, పెద్ద లెక్కల్లో మొదటిది నింపాదిగా మొదలుపెట్టింది. ఆ లెక్క ఆమెకు బాగా వచ్చు.

త్రినాథ్ మళ్లీ వాచీ చూసుకుని సుద్దముక్క తీసుకున్నాడు. "ఇంకా అరగంట" అని రాస్తున్నాడు. చివరి అక్షరం పూర్తికాకముందే బయట గంట మోగింది. ఒకటి, రెండు కాదు. పరీక్ష అయిపోయినప్పుడు కొట్టే పొడుగాటి గంట.

అతని చేతిలో సుద్దముక్క విరిగింది. పిల్లలు తలలెత్తి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

త్రినాథ్ వరండాలోకి వచ్చి, గంట కొడుతున్న అటెండర్ సింహాచలం మీద అరిచాడు. "ఏంటి సింహాచలం, అరగంట ముందే కొట్టేస్తున్నావ్? మతి పోయిందా?"

సింహాచలం చెయ్యి ఆపాడు. "నాకేటి తెలుస్తాది బాబూ? మేడమ్‌గారు గడియారం సూసి కొట్టమన్నారు, కొట్టాను. అల్లదిగో, అన్ని గదులూ లేచిపోతన్నాయి సూడండి."

నిజమే. ఎదుటి గదిలో జోగారావు కాగితాలు పోగుచేస్తున్నాడు. ఆ పక్క గదిలోంచి పిల్లలు బయటికి వస్తున్నారు.

త్రినాథ్ వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నడుస్తోంది. అప్పుడు షోరూమ్‌లో సేల్స్‌మన్ చెప్పిన మాటలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది. బల్ల మీద డస్టరుకి ఆనించి పెట్టడం గుర్తొచ్చింది. గోడ మీది రంగుల మచ్చలు గుర్తొచ్చాయి. ఏం జరిగిందో లెక్క కట్టడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. లెక్కల్లో అతను ఎప్పుడూ చురుకే.

మేడమ్ ఉన్న ఆఫీసు గది వరండా చివరే ఉంది. పిల్లలింకా బెంచీల్లోనే కూర్చుని ఉన్నారు. "మేడమ్, నా వాచీ ఆగింది" అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాట అతని గొంతుదాకా వచ్చింది. వెంటనే జోగారావు నవ్వు చెవిలో వినిపించినట్టయింది. ఊరంతా చూసిన వాచీ. అందరికీ చెయ్యి చాపి చూపించిన వాచీ. రేపు స్టాఫ్ రూమ్‌లో ఏమంటారో తలుచుకునేసరికి అతని ముఖం వేడెక్కింది.

అతను గదిలోకి తిరిగి వచ్చాడు.

"గంట కొట్టేశారు. పేపర్లు ఇచ్చేయండి," అన్నాడు.

"సార్, బోర్డు మీద అరగంట అని ఉంది కదా!" అన్నాడు వెనుక బెంచీ అబ్బాయి.

త్రినాథ్ డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేశాడు.

ఆ పని చేస్తున్నప్పుడు అతను పిల్లల వైపు చూడలేదు. తిరిగి చూసేసరికి నీలవేణి ఒక్కతే ఇంకా రాస్తోంది.

"అమ్మాయ్, ఇవ్వు."

"సార్, పెద్ద లెక్కలు ఒక్కటీ అవలేదు సార్. అన్నీ వచ్చు నాకు. చివరి గంటకి ఉంచుకోమని మీరే చెప్పారు కదా."

"నేను చెప్పింది సలహా. టైము ఎవరిది వాళ్లు చూసుకోవాలి."

"ఏటి చూసుకోమంటారు సార్?" అంది నీలవేణి. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. "మా వాచీలు గేటు కాడ తీసీసుకున్నారు. మిమ్మల్నే కదా చూసుకున్నాం."

త్రినాథ్ ఆమె చేతికింద నుంచి కాగితం లాగాడు. ఆమె కలం ఇంకా కాగితం మీదే ఉంది. పేజీ మీద ఈ చివరినుంచి ఆ చివరికి సిరా గీత పడింది.

పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. నీలవేణి చివర లేచింది. గుమ్మం దగ్గర ఆగి, తుడిచిన బోర్డు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆఫీసు గదిలో జవాబు పత్రాల కట్టలకు గుడ్డ చుట్టి, లక్క కరిగించి సీలు వేస్తున్నారు. త్రినాథ్ తన కట్ట బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"ఏంటయ్యా, నీ గదిలో ఏదో గోల వినిపించింది?" అన్నాడు జోగారావు.

"మామూలేలెండి. టైము చాలలేదంటారు కదా పిల్లలు."

"అంతేలే. ఎంత ఇచ్చినా చాలదంటారు," అన్నాడు జోగారావు మామూలుగా. అక్కడితో ఆ విషయం అయిపోయింది. ఎవరూ అనుమానించలేదు. వాచీ వైపు ఎవరూ చూడలేదు.

కామేశ్వరి మేడమ్ కాగితాలు లెక్కపెడుతూ ఒకచోట ఆగింది. "ఇదేంటి, పేజీ మీద ఇంత గీత పడింది?"

త్రినాథ్ చూశాడు. ఆ పేజీలో పెద్ద లెక్క మొదటి నాలుగు వరుసలు ఉన్నాయి. నాలుగూ సరైనవే. ఐదో వరుసలో సమానం గుర్తు వేసి ఉంది. దాని తర్వాత ఏమీ లేదు. అక్కడినుంచి సిరా గీత కాగితం అంచుదాకా పోయింది. సమానం తర్వాత ఏం రావాలో అతనికి తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసని ఆ నాలుగు వరుసలే చెబుతున్నాయి.

మేడమ్ కట్ట చుట్టి దారం ముడి వేసింది. సింహాచలం లక్క గరిట వంచాడు.

"ఆపండి మేడమ్," అన్నాడు త్రినాథ్.

అతను దాచకుండా చెప్పాడు. కీ ఇవ్వకపోవడం, బల్ల మీద పెట్టడం, వాచీ ఆగి మళ్లీ నడవడం, బోర్డు తుడిచెయ్యడం, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ జోగారావు నవ్వుతాడేమోనని ఎదురుచూశాడు. జోగారావు నవ్వలేదు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పిల్లలు ఎక్కడున్నారు?" అని అడిగింది మేడమ్.

"వెళ్లిపోయారు."

ఆమె గబగబా వరండాలోకి వచ్చింది. గేటు బయట అన్ని గదుల పిల్లలూ కలిసిపోయి ఉన్నారు. చేతుల్లో ప్రశ్నపత్రాలున్నాయి. ఒకచోట ఎవరో మాస్టారు పెద్ద లెక్కలు పేపరు మీద చేసి చూపిస్తుంటే పిల్లలు చుట్టూ మూగి చూస్తున్నారు. కొందరు అప్పటికే ఆటోలు ఎక్కేశారు. మేడమ్ అక్కడే నిలబడిపోయింది.

"త్రినాథ్‌గారూ," అంది, వెనక్కి తిరగకుండానే. "గంట మోగినప్పుడు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలుసా? పిల్లల్ని బెంచీల్లోంచి లేవనివ్వకుండా ఆ అరగంట ఇచ్చేసేదాన్ని. ఆ అధికారం నాకు ఉంది. వాళ్లు గుమ్మం దాటాక ఇక ఎవరికీ లేదు."

"వాచీ ఆగిపోవడం నా తప్పే మేడమ్..."

"వాచీ ఆగితే దిద్దుకునేవాళ్లం. మీరు బోర్డు తుడిచారు చూడండి, అది దిద్దలేం."

త్రినాథ్ జరిగిందంతా రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం కట్టతో పాటే ట్రస్టుకి వెళ్లింది. ట్రస్టువాళ్లు విచారించారు. పేపరు బయటికి వచ్చాక ఒక్క గదికి మళ్లీ సమయం ఇవ్వడం కుదరదన్నారు. తప్పు పిల్లలది కాదు కాబట్టి ఆ గదిలోవాళ్లు కావాలంటే వచ్చే ఏడాది మరోసారి రాసుకోవచ్చన్నారు. త్రినాథ్‌ని ఆ డ్యూటీనుంచి తీసేశారు. స్టాఫ్ రూమ్‌లో అతను భయపడ్డట్టు ఎవరూ ఎగతాళి చేయలేదు. ఎవరూ టైము కూడా అడగలేదు.

ఫలితాలు వచ్చిన రోజు త్రినాథ్ జాబితా చూశాడు. నీలవేణి పేరు లేదు. చిన్న లెక్కల్లో ఆమెకు పూర్తి మార్కులు వచ్చాయని తర్వాత తెలిసింది. ఆ సంగతి తెలిశాక అతనికి అన్నం సహించలేదు.

సెలవురోజు అతను బస్సెక్కి ఆమె ఊరు వెళ్లాడు. బస్సు దిగాక చాలాదూరం నడవవలసి వచ్చింది. ఊరి మొదట్లో రేకుల పందిరి కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని జీడిపిక్కలు కొడుతున్నారు. వాళ్లలో నీలవేణి ఉంది. బూడిద రాసుకున్నా ఆమె వేళ్లు పిక్కల్లోని జీడి నూనె అంటుకుని నల్లగా మారిపోయాయి.

ఆమె తండ్రి అడ్డయ్య పరుగున వచ్చి పీట వేశాడు. "కూకోండి బాబూ. ఎండనపడి వచ్చినారు. మంచినీళ్లు తాగండి."

త్రినాథ్ కూర్చోలేదు. "మీ అమ్మాయికి ఈ పని చేయవలసి రావడానికి కారణం నేనేనండి," అన్నాడు.

"నీలవేణి చెప్పిందిలెండి," అన్నాడు అడ్డయ్య. "మా ఊల్లో గడియారం ఉన్నోళ్లు తక్కువ బాబూ. ఎండ బట్టి పనికెల్తాం, ఎండ బట్టి వస్తాం. మీకు గడియారం ఉంది కదా అని, మీకు తెలుస్తాది కదా అని నమ్మినాం. అంతే," అన్నాడు.

త్రినాథ్ నీలవేణి వైపు తిరిగి అన్నాడు. "పరీక్ష వచ్చే ఏడాది మళ్లీ ఉంది. మా కాలేజీ పక్కన ఆడపిల్లల హాస్టల్లో నీకు చోటు అడిగి వచ్చాను, ఇస్తామన్నారు. ఏడాదంతా నేను లెక్కలు చెబుతాను. వస్తావా?"

నీలవేణి చేతిలో పిక్క కింద పెట్టింది. నల్లబడ్డ వేళ్లు లంగాకి తుడుచుకుంది. అవి తుడిస్తే పోయే మరకలు కావు.

"వస్తాను సార్," అంది. "మీరు లెక్కలు చెప్పండి. టైము మాత్రం నాను చూసుకుంటాను."

ఆమె పరిహాసం ఆడలేదు. దెప్పిపొడవనూ లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అందుకే ఆ మాట త్రినాథ్‌కి జీవితాంతం గుర్తుండిపోయింది.

మరుసటి ఏడు నీలవేణి పరీక్ష రాసింది, నెగ్గింది. పెద్ద లెక్కలు ముందు చేసింది. అయితే తోటిపిల్లలు ఒక తరగతి ముందుకి వెళ్లిపోయిన ఆ ఏడాదిని మాత్రం ఆమెకు ఎవరూ తిరిగి తెచ్చివ్వలేకపోయారు.

త్రినాథ్ ఆ వాచీని పారేయలేదు. మఖమల్ పెట్టెనే పారేశాడు. అప్పటినుంచి వాచీని రోజూ పెట్టుకునేవాడు, పొద్దున్నే కీ ఇచ్చేవాడు. సుద్దపొడి పట్టి, గాజు గీతలు పడి, దాని రంగులు క్రమంగా మసకబారాయి. ట్యూషన్ షెడ్డులో పెద్ద అంకెలూ, ఎర్రటి సెకన్ల ముల్లూ ఉన్న గోడ గడియారం ఒకటి పిల్లలకెదురుగా తగిలించాడు. ఎవరైనా టైము అడిగితే చెయ్యి చాపేవాడు కాదు. ఆ గడియారం చూసి నోటితో చెప్పేవాడు.

నలుగురు మనల్ని నమ్ముకున్నప్పుడు మన గొప్ప కంటే మన పని ముందుండాలి. తప్పు జరిగితే, దాన్ని దిద్దే వీలు ఇంకా చేతిలో ఉండగానే ఒప్పుకోవాలి.